బొట్టు పెట్టని పడవ

ఈ ఏడు కూడా మెయిల్ వచ్చింది. జూన్ ఎనిమిది ప్రపంచ మహాసముద్రాల దినోత్సవం కాబట్టి అందరూ నీలం రంగు బట్టల్లో రావాలట. కింద లాబీలో క్విజ్ ఉంటుందట, నీలం కేకు కూడా ఉంటుందట. హైటెక్ సిటీలో సముద్రాన్ని తలుచుకోవాలంటే ముందు బీరువాలో బట్టలు వెతుక్కోవాలి. నేను ఆ మెయిల్ చదివి, ఆ రోజుకి సెలవు పెట్టేశాను. కారణం అన్న చోట ఏమీ రాయలేదు.

ఇదివరకు జూన్‌లో నేను పెట్టే సెలవు వేరు. ఏటా పదమూడో తారీఖు సాయంత్రం లింగంపల్లిలో రైలెక్కి మా ఊరు వెళ్లేదాన్ని. కారణం అన్న చోట ‘వ్రతం’ అని రాసేదాన్ని. ఆ వ్రతం పేరేమిటని మా మేనేజరు ఒక్కసారీ అడగలేదు, పాపం. అడిగి ఉంటే నాకూ ఇబ్బందే అయ్యేది. మా తమ్ముడి పడవకి బొట్టు పెట్టడానికి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్తున్నానని టీమ్ మీటింగులో ఎలా చెప్పను?

మాది కాకినాడకి పైన, సముద్రం ఏటా ఇంత రోడ్డుని కొరుక్కుతింటున్న ఊళ్లలో ఒకటి. మావాళ్లది వేట. ఇక్కడ ఆ మాట అంటే అడవీ తుపాకీ అనుకుంటారు. మాకు వేటంటే చేపల వేటే. నాన్న దగ్గరుండి చేయించుకున్న చెక్క పడవ ఒకటుండేది. పెద్దదేం కాదు. తెల్లారకుండా వెళ్లి ఎండెక్కేసరికి తిరిగొచ్చే పడవ. ఇప్పుడందరూ ఫైబర్ పడవలకి మారిపోయారు గానీ, నాన్న పోయాక కూడా తమ్ముడు దాన్ని వదల్లేదు. నాన్న ఒడ్డునే, మంచం మీదే పోయాడు. మా ఊళ్లో అది అదృష్టం కింద లెక్క.

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా రెండు నెలలు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ ఒడ్డెక్కి బోర్లా పడుకుంటాయి. ఆ రెండు నెలలూ మగాళ్లు ఎక్కడో ఒకచోట కూలికి పోతారు. తమ్ముడు నా దగ్గరికి వచ్చేవాడు. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక నాదొక రెండు గదుల కిరాయి ఫ్లాటు. ఒక్కదాన్నే ఉంటాను. ఎందుకన్నది వేరే కథ, దానికి సముద్రంతో సంబంధం లేదు. ఖాజాగూడలో ఒక పెద్ద అపార్టుమెంట్ల వాళ్లు వేసవిలో స్విమ్మింగ్ పూల్ దగ్గర కాపలాకి ఈత బాగా వచ్చిన మనిషి కావాలంటే వీణ్ణి పెట్టించాను. మెళ్లో విజిలు, ఒంటి మీద పసుపు టీషర్టు, కూర్చోడానికి ఎత్తు కుర్చీ. మొదటి రోజు డ్యూటీ దిగి వచ్చి కడుపు పట్టుకుని నవ్వాడు.

“అక్కా, ఆ నీళ్లల్లో మునగాలంటే ముందు పడుకోవాలే.”

నవ్వాడు గానీ, ఆ పని సరదాకి చేసేవాడు కాదు. పిల్లలు దిగినంతసేపూ కళ్లార్పేవాడు కాదు. నీళ్లు ఎంత లోతున్నా నీళ్లే అనేవాడు. రాత్రికి ఇంటికొస్తే వాడి ఒంటి నుంచి క్లోరిన్ వాసన వచ్చేది. రెండు సార్లు స్నానం చేసేవాడు, అయినా పోయేది కాదు. జూన్ మొదలవగానే వాడికి కాలు నిలిచేది కాదు. ఊళ్లోవాళ్లకి ఫోన్లు చేసి గాలి ఎటునుంచి వీస్తోందో కనుక్కునేవాడు. హఫీజ్‌పేట్ బాల్కనీలో నిలబడి ఆకాశం చూసి, “తూరుపు గాలి పట్టిందక్కా” అనేవాడు. నాకు కనిపించేదల్లా పక్కింటివాళ్ల వాటర్ ట్యాంకు.

ఇక బొట్టు సంగతి. నిషేధం ఎత్తేసిన రోజు పొద్దున్న, పడవ మొదటిసారి నీళ్లలోకి దిగేముందు, దాని ముక్కుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. మా ఇంట్లో అది ఇంటి ఆడపడుచు చెయ్యాలి. భార్య పెట్టకూడదు, తల్లి పెట్టకూడదు. ఎందుకని అడిగితే మా నాయనమ్మ, “ఆడపడుచు పుట్టింటికి తిరిగొత్తాది గదా, పడవా అలాగే తిరిగి రావాల” అనేది. బొట్టు పెట్టిన పడవ ఇక ఒడ్డున ఉండకూడదు. ఒక్కసారైనా నీళ్లు తాకి రావాలి. ఒక ఏడు గాలి మరీ ఎక్కువై ఎవరూ పడవలు తియ్యలేదు. నేను అప్పటికే బొట్టు పెట్టేశాను. తమ్ముడూ ఇంకో నలుగురూ కలిసి దాన్ని మొలలోతు దాకా తోసి, కెరటాల్లో తడిపి, రొప్పుతూ వెనక్కి లాక్కొచ్చారు. బొట్టు పెట్టాక మాట తప్పడానికి లేదు.

ఇంకొకటి కూడా ఉంది. పడవలోకి చెప్పులతో ఎక్కరు. బొట్టు అవగానే తమ్ముడు తన చెప్పులు విప్పి నా చేతికిచ్చేవాడు. పడవ కెరటాలు దాటేదాకా ఒడ్డున నిలబడి చూసేదాన్ని. వాడు తిరిగొచ్చేదాకా ఆ చెప్పులు నా దగ్గరే ఉండేవి. పెద్ద ఉద్యోగం చేసే అక్క తమ్ముడి చెప్పులు పట్టుకుని ఇసకలో కూర్చుంటే మా మరదలికి ఒకటే నవ్వు. “ఇలా తెండి వదినా, నేను పట్టుకుంటాను” అనేది. నేనిచ్చేదాన్ని కాదు.

పోయినేడు ఇంజను పాడైంది. నిషేధం మొదలవక ముందే సముద్రంలో రెండు సార్లు ఆగిపోయిందట. రెండోసారి ఇంకో పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. మెకానిక్కు చూసి, మార్చాల్సినవన్నీ చెప్పాడు. తమ్ముడు హైదరాబాద్ వచ్చినప్పుడే మొహం వాడిపోయి ఉంది. ఈసారి పూల్ దగ్గర వచ్చేదంతా దాచినా ఇంజనుకి చాలదు. మరదలు మాత్రం, “పోతే పోనీయండి వదినా, అక్కడే ఏదన్నా పని సూపించండి, నాకీ బయం వద్దు” అని ఫోనులో గొడవ. పూల్ వాళ్లు కూడా ఏడాదంతా ఉంటావా అని అడుగుతున్నారు. వాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకు మాత్రం ఒక్క మాట అన్నాడు.

“ఈ ఏడు పడవ దిగకపోతే ఇంకెప్పుడూ దిగదక్కా. నాకు తెలుసు.”

అలాంటి రోజుల్లోనే మా ఆఫీసులో ఈవెంట్లు చూసే అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చింది. చిన్నది, మంచిది, అందర్నీ నవ్వుతూ పలకరిస్తుంది. “మేడమ్, మీది కోస్టల్ కదా! ఈసారి ఓషన్స్ డేకి లాబీలో రియల్ ఫిషింగ్ బోట్ పెడదామనుకుంటున్నాం. మీ ఊళ్లో ఎవరైనా రెంట్‌కి ఇస్తారా?” అంది. మా ఊళ్లో పడవలు పెళ్లిమండపం సామాన్లు కావమ్మా అన్నాను. కాస్త విసురుగానే అన్నాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

రాత్రి అన్నాలు తింటూ ఇదే సంగతి తమ్ముడికి నవ్వుతూ చెప్పాను. ఫోమ్ చేపలు వేలాడదీసి సముద్రాన్ని కాపాడతారట, దానికి ఇప్పుడు నిజం పడవ కావాలట అన్నాను. వాడు నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచిస్తున్నాడు.

“అద్దెకిత్తే ఏటవుద్దక్కా?”

“ఏటవుద్దేంట్రా? పడవని లారీ ఎక్కిత్తావా?” నేను ఇంటి భాషలోకి దిగానంటే కోపమొచ్చినట్టు. వాడికి తెలుసు.

“ఒడ్డున ఎండకి బీటలిచ్చే బదులు ఇక్కడ ఏసీలో ఉంటది. ఇంజను బాగుసేయించుకోవచ్చు. పదేనో తారీకుకల్లా ఊళ్లో ఉంటది. నువ్వు బొట్టెట్టేత్తావు. అయిపాయె.”

నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు పోట్లాడాను. పడవ ఒడ్డు దాటి ఇన్ని ఊళ్లు తిరగడమేంటన్నాను, నాన్నుంటే ఊరుకునేవాడా అన్నాను. “నాన్నుంటే ఇంజను నాన్నే సేయించేవోడు” అన్నాడు. ఆ మాటతో నేను తగ్గాను. వాడే ఆ అమ్మాయి నంబరు తీసుకుని మాట్లాడాడు, అలంకరణ కాంట్రాక్టు తీసుకున్నతనితో బేరం కుదుర్చుకున్నాడు. కిరాయి సగం ముందే ఇచ్చారు. ఆ సగంతో ఊళ్లో ఇంజను విప్పించి పని మొదలుపెట్టించాడు. ఆ సాయంత్రం వాడు ఎంత సంతోషంగా ఉన్నాడంటే, వచ్చేటప్పుడు నాకు మల్లెపూలు కొనుక్కొచ్చాడు. వాడి సంతోషం చూసి నాకూ పోన్లే అనిపించింది. అందరూ ఏడాదికొక రోజు సముద్రం పేరు చెప్పి కేకు కోస్తారు, ఈసారి అందులో కొంత మా పడవకి దక్కితే తప్పేముంది అనుకున్నాను.

లారీ శనివారం రాత్రి వచ్చింది. ఆదివారం దింపుతారన్నారు. పూల్ దగ్గర ఆదివారమే పిల్లలు ఎక్కువ, తమ్ముడు కదలడానికి వీల్లేదు. నేను వెళ్తానంటే, పాస్ ఉన్నవాళ్లనే పని జరిగేచోటికి రానిస్తారని కాంట్రాక్టరు అన్నాడు. ఏం పరేషాన్ కాకండి మేడమ్, మీ పడవ మాది అనుకోండి అన్నాడు. అన్నట్టే చేశాడు.

సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్లేసరికి లాబీ అంతా నీలం. గుడ్డ, లైట్లు, బెలూన్లు, పైనుంచి వేలాడే థర్మాకోల్ చేపలు. ప్లాస్టిక్ వద్దని రాసిన ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే. మధ్యలో మా పడవ. దానికి నీలం, తెలుపు పెయింటు కొత్తగా కొట్టేశారు. నాన్న వేయించిన పచ్చరంగు లేదు. ఏటా నేను రాసి రాసి ముక్కు దగ్గర చెక్కలోకి ఇంకిపోయిన పసుపు మరక కూడా కనిపించలేదు. రంగే కదా, గీకేస్తే పోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. నీళ్లు లేని చోట, గ్రానైటు నేల మీద, మా పడవ ఎంత చిన్నదిగా ఉందో. ఒడ్డున ఉన్నప్పుడు పెద్దదనుకునేదాన్ని.

పదకొండింటికల్లా ఫొటోల జాతర మొదలైంది. బూట్లతో, హీల్సుతో ఎక్కి నిలబడి తెడ్డు పట్టుకుని నవ్వుతున్నారు. నేను వెళ్లి చెప్పులు విప్పి ఎక్కండి అన్నాను. మొదటి ఇద్దరూ విప్పారు. మూడోవాడు, “ఇదేమైనా గుడా మేడమ్?” అన్నాడు. అవును గుడే, నీకేం నొప్పి అన్నాను. వాడు బిత్తరపోయి దిగిపోయాడు. ఆ తర్వాత చాలాసేపు అక్కడే కాపలా నిలబడ్డాను, మా తమ్ముడు పూల్ దగ్గర నిలబడినట్టు.

ఒక విషయం అప్పుడు గమనించాను గానీ పట్టించుకోలేదు. హౌస్‌కీపింగ్ సూపర్వైజరమ్మ వనపర్తి వైపు మనిషి. రోజూ నన్ను చూడగానే “తిన్నరా మేడం” అని పలకరించేది. ఆ రోజు రెండు సార్లు నా ఎదురుగానే వచ్చి, నన్ను చూసి పక్కకి తిరిగిపోయింది. పని వత్తిడి అనుకున్నాను.

మూడింటికి తమ్ముడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ఫొటో తీసి, మెళ్లో విజిటర్ కార్డు వేసి పంపారు. పడవ సొంతదారు వచ్చాడని తెలిసి ఈవెంట్ల అమ్మాయి పరిగెత్తుకొచ్చి, చేతికి నీలం రంగు రాసి, గోడ మీద అచ్చు వెయ్యమంది. సముద్రాన్ని కాపాడతానని అది ప్రతిజ్ఞ. వాడు సిగ్గుపడుతూ వేశాడు. అప్పటికే ఆ గోడ మీద చాలా చేతులున్నాయి. వీడి చెయ్యి అన్నిటికన్నా వెడల్పు.

తర్వాత పడవ దగ్గరికి వచ్చి చెప్పులు విప్పాడు. రంగు చూసి, “ఏటిది, పెళ్లికూతురు సేసీసేరు” అని నవ్వాడు. బాధపడతాడని భయపడిన నాకు ప్రాణం లేచొచ్చింది. హ్యాండ్‌బ్యాగులో పసుపు, కుంకుమ పొట్లాలు పెట్టుకొచ్చాను. పరాయి ఊళ్లో ఇంతమంది కళ్లు పడుతున్నాయి, దిష్టి తగలకుండా ముక్కుకి కాస్త బొట్టు పెడదామని, వారంలో ఎలాగూ నీళ్లలోకి దిగేదే కదా అని. పొట్లం విప్పుతున్నాను. వాడు అలవాటుగా పడవ పక్క మీద అరచెయ్యి పెట్టి, ముక్కు నుంచి వెనక్కి నిమురుకుంటూ వెళ్తున్నాడు, గేదెని నిమిరినట్టు. సరిగ్గా సగంలో చెయ్యి ఆగిపోయింది.

ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి అక్కడే రాశాడు. గోటితో పెయింటు గీకాడు. కింద తెల్లటి పుట్టీ రాలింది. వంగి లోపలికి చూశాడు. ఇనపబద్దలు అడ్డంగా పెట్టి మరలు బిగించి ఉన్నాయి. నీలం గుడ్డ ఎత్తి, నేల మీద పడుకుని, అడుగున చూశాడు. లేచి నిలబడ్డాడు. నేను పసుపు తీసుకుని ముక్కు దగ్గరికి వెళ్లబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

“వద్దక్కా. బొట్టెడితే నీళ్లలోకి దిగాల.”

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఎందుకురా అంటున్నాను. వాడు నా చెయ్యి వదల్లేదు. అంతలో వెనక నుంచి ఎవరో నా భుజం తాకారు. సూపర్వైజరమ్మ.

“మేడం, జర ఇటు రండ్రి,” అంది. “నిన్న నేను డ్యూటీల ఉన్న. పడవ లోపలికి పోతలేదు. గుండ్రం తిరిగే తలుపుల పట్టలే, పక్క తలుపుల కెల్లి తిప్పుదామంటే గోడ అడ్డమొచ్చింది. శానా సేపు చూసిండ్రు. ఇగ మిషిన్ తెచ్చి నడిమిట్ల కోసిండ్రు. జర ఆగుండ్రి, మేడంకు ఫోన్ చేద్దాం అన్న. ఎవలూ ఇనలే. అతికిస్తం, తెల్వదు అన్నరు. మీకెట్ల చెప్పాల్నో సమజ్ గాక పొద్దుగాల కెల్లి మొఖం తప్పిచ్చుకుంట తిరుగుతున్న.”

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు పూర్తిగా గుర్తులేదు. లాబీలో అందరూ ఆగిపోయి చూడటం గుర్తుంది. కాంట్రాక్టర్ని పిలిపించారు. అతను దుర్మార్గుడేం కాదు. మొహమంతా చెమటతో, “ఫైబర్ వేసి కొత్తదానిలా చేసిస్తాం మేడమ్, ఏం ఫికర్ లేదు, డెకరేషన్‌కి ఇంకో పదేళ్లు వస్తుంది” అన్నాడు. పడవ మళ్లీ సముద్రంలోకి వెళ్తుందని అతనికి తట్టనే లేదు. అలంకరణకి వచ్చిన వస్తువు అలంకరణకే పుట్టిందనుకున్నాడు. ఈవెంట్ల అమ్మాయి నీలం ఓణీలో నిలబడి ఏడుస్తోంది. పడవ ఖరీదు మొత్తం ఇచ్చేస్తామని మా పైవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. తిట్టడానికి సరైన మనిషి దొరకలేదు నాకు. అందుకే ఇంకా కోపం.

“అడుగు దూలం కోసేశారు,” అన్నాడు తమ్ముడు తనలో తనే. “అతుకు నిలబడదు. మొదటి కెరటానికే విడిపోద్ది.” తర్వాత నా వైపు తిరిగి, “పోన్లే అక్కా, అరవకు, నీ ఉజ్జోగం,” అన్నాడు.

నా ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాడు వాడు, ఆ నిమిషంలో.

బయటికి వచ్చి ఫ్లైఓవరు నీడలో టీ బండి దగ్గర నిలబడ్డాం. వాడి కుడిచేతికి నీలం రంగు ఇంకా అలాగే ఉంది. కొళాయి కింద కడిగాడు, పోలేదు. మరదలికి నేనే ఫోన్ చేశాను. పడవ పోతే పీడా పోతుందని రెండు నెలలుగా నాతో పోట్లాడిన మనిషి, విన్నాక ఒక్కసారిగా భోరుమంది. “కొండనాలుకకి మందేత్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే వదినా. ఇంజను రేపు వచ్చేత్తందండి. మెకానిక్కు ఇప్పుడే ఫోన్ సేసేడు, బాగైపోయిందంట” అంది. ఆ మాట తమ్ముడికి చెప్పనా వద్దా అని ఆలోచించాను. చెప్పాను. వాడు తలూపి, టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. సగం కూడా తాగలేదు.

వాళ్లిచ్చిన సొమ్ముతో ఇంకో పడవ కొనుక్కోరా అన్నాను. ఒకసారి కాదు, ఆ వారమంతా అన్నాను. పాత ఫైబర్ పడవలు అమ్మకానికి ఉన్నాయని ఊరి నుంచి కబురు కూడా వచ్చింది. “సూద్దాంలే అక్కా” అనేవాడు. ఒకరోజు మాత్రం విసుగొచ్చి, “ఎవరి పడవో కొనుక్కుని ఎవరి మాట మీద దిగమంటావు?” అన్నాడు. ఆ పాత పడవలో దిగితే నాన్న మాట మీద దిగినట్టు ఉండేది వాడికి. ఆ ధైర్యం లారీ ఎక్కి వచ్చి హైటెక్ సిటీలో రెండు ముక్కలైంది. మరదలి భయం ఇప్పుడు వాడిక్కూడా అంటుకుంది. అది నేను కళ్లారా చూశాను. గాలి ఎటుందని వాడు ఊరికి ఫోన్ చెయ్యడం మానేశాడు.

పడవ ముక్కలు మాకొద్దన్నాం. కాంట్రాక్టరు తీసుకెళ్లాడు. ఒక సగాన్ని మాదాపూర్‌లో ఏదో హోటల్లో నిలువుగా నిలబెట్టి అరల బీరువాలా చేశారని ఎవరో చెప్పారు. చూడటానికి వెళ్లలేదు. ఆ హోటలు ఏదో తెలుసుకోవడం కూడా ఇష్టం లేదు.

పద్నాలుగో తారీఖు రాత్రి పూల్ వాళ్లకి ఫోన్ చేసి, ఏడాదంతా ఉంటానని చెప్పేశాడు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ విన్నాను. నీళ్లు కట్టేసి వినలేదు. కట్టేస్తే ఏడుస్తున్నట్టు వాడికి తెలిసిపోతుంది.

పదిహేనో తారీఖు పొద్దున్న మేమిద్దరం మామూలుకంటే ముందే లేచాం. ఎవరూ లేపలేదు. ఏటా ఆ వేళకి ఒడ్డున ఉండేవాళ్లం. ఊళ్లోవాళ్లు వీడియోలు పంపిస్తున్నారు. వరసగా పడవలు, దండలు, బాణాసంచా, కేకలు. తమ్ముడు ఒకటి సగం దాకా చూసి ఫోను బోర్లా పెట్టేశాడు. స్నానం చేసి, పసుపు టీషర్టు వేసుకుని, విజిలు మెళ్లో వేసుకుని, నేను పెట్టిన ఉప్మా తిన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు చేతిలోకి తీసుకుని, వేసుకోకుండా నిలబడ్డాడు.

“అక్కా, పొట్లం ఉందా?”

నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆ రోజు విప్పి మళ్లీ మడిచి పెట్టింది.

“పదేనో తారీకు గదా. పడవ లేదు గానీ, నీళ్లలోకి దిగేవోణ్ణి నేనున్నాను. నాకెట్టెయ్.”

తల వంచాడు. నాకంటే పొడుగు, అయినా నా చేతికి అందేంత వంచాడు. నుదుటికి పసుపు రాసి, దాని మీద కుంకుమ పెట్టాను. బొట్టు పెద్దదైంది. వాడి జుట్టులో ఉప్పు వాసన కోసం వెతికాను. క్లోరినే వచ్చింది. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను, దాచుకోలేదు.

“ఒచ్చేత్తానక్కా,” అన్నాడు. చెప్పులు నా చేతికిచ్చాడు. నేను తీసుకున్నాను. ఏటా ఇచ్చేవాడు, ఏటా తీసుకునేదాన్ని, ఇద్దరికీ అలవాటు. వాడు ఒట్టి కాళ్లతో మెట్లు దిగి వెళ్లాడు. నేను గుమ్మంలో వాటిని పట్టుకుని, కెరటాలు దాటేదాకా చూసినట్టే చూస్తూ నిలబడ్డాను.

గేటు దాకా వెళ్లి ఆగిపోయాడు. కాళ్లకేసి చూసుకున్నాడు. అప్పుడు నేనూ నా చేతుల్లోకి చూసుకున్నాను. వాడు మళ్లీ మెట్లెక్కి వచ్చి, నా మొహం చూడకుండా చెప్పులు తీసుకుని, తొడుక్కుని, డ్యూటీకి వెళ్లిపోయాడు.